నాన్నగారిని బౌండరీ వాటర్స్ కనూ ట్రిప్‌కి తీసుకెళ్ళాలి, నేను చెక్కిన లూర్లు పనికొస్తాయా?

కాలవగట్టు:

అందరికీ నమస్తే అండి. చాలా రోజుల్నించీ ఇక్కడ చదువుతున్నా, రాయడం ఇదే మొదలు, కాస్త పెద్దగా ఉంటుంది ఓపిగ్గా చదవండి.

నేను మినియాపోలిస్‌లో ఉంటాను, వచ్చి తొమ్మిదేళ్ళు. గాలం పట్టింది మాత్రం నాలుగేళ్ళ కిందటే, అదీ ఇంటి దగ్గర లేక్‌లో డాక్ మీద నించుని సన్‌ఫిష్‌లు, అదృష్టం బాగుంటే ఒక బాస్. ఈ ఆగస్టులో మా నాన్నగారు వస్తున్నారు, ఆయనకి 63. మాది అమలాపురం దగ్గర పల్లె, ఇంటి వెనకాలే పంట కాలవ. ఆయన చిన్నప్పట్నించీ గాలం వేసిన మనిషి. వెదురు కర్ర, జీలుగు బెండు, కొబ్బరిచెట్టు మొదట్లో తవ్విన ఎర్రలు, అంతే ఆయన సామాను. తెల్లారకముందే వెళ్ళి నేను స్కూలుకి తయారయ్యేలోపు నాలుగు జెల్లలో ఒక కొర్రమీనో పట్టుకొచ్చేవారు, చేప పడని రోజు కూడా ఆయన మొహం ప్రశాంతంగానే ఉండేది. పోయినసారి వచ్చినప్పుడు నయాగరా, షికాగో, గుళ్ళూ అన్నీ తిప్పాను, బాగుందిరా బాగుందిరా అన్నారు గానీ రెండో నెల వచ్చేసరికి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చునేవారు. అది నా కళ్ళలోంచి పోవట్లేదు.

అందుకే ఈసారి ఉత్తరాన బౌండరీ వాటర్స్‌కి ఒక నాలుగు రోజులు కనూలో, అంటే తెడ్లు వేసుకునే సన్నటి పడవలో, తీసుకెళ్దామని. నేను కూడా ఎప్పుడూ వెళ్ళలేదు. ఎక్కడ మొదలుపెడితే మంచిది, పోర్టేజ్‌లు అంటే పడవ నెత్తిన పెట్టుకుని ఒక లేక్‌లోంచి ఇంకో లేక్‌కి నడవడం కదా, ఆయన గట్టిమనిషే కానీ కుడి మోకాలు కొంచెం పట్టేస్తుంది, అందుకని భయం.

రెండోది లూర్ల సంగతి, అంటే చిన్నచేపలా చేసిన ఉత్తుత్తి ఎరలు. చలికాలమంతా గరాజ్‌లో కూర్చుని బాల్సా చెక్కతో లూర్లు చెక్కాను. ఆరు చేస్తే నాలుగు బాత్‌టబ్‌లో వేయగానే పక్కకి ఒరిగిపోయాయి, రెండు మాత్రం బాగానే ఈదుతున్నాయి. పోయిన అక్టోబర్లో మొట్టమొదట చేసినదాన్ని తీసుకెళ్తే ఒక పైక్ చేప కొట్టింది, ఒడ్డు దాకా వచ్చాక లూర్ ముక్కుకి ఉన్న స్క్రూ కన్ను చెక్కలోంచి ఊడి దారంతో పాటు నా చేతికొచ్చేసింది, లూరూ రెండు హుక్కులూ చేప నోట్లోనే ఉండిపోయాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. చేప పోయినందుకు కాదు, నోట్లో ఇనుము పెట్టుకుని అది ఎలా తింటుంది అని. నాన్నగారి చేతికి నేను చేసిన లూరే ఇవ్వాలని గట్టిగా ఉంది, కానీ మళ్ళీ అలా జరక్కూడదు. దుకాణంలో కొన్నవి ఇచ్చేసి ఊరుకోమంటారా? ఎవరైనా చేసేవాళ్ళు ఉంటే చెప్పండి ప్లీజ్.


పాత_గాలం:

తమ్ముడూ, ముందు ఒక మాట, తప్పకుండా తీసుకెళ్ళు. మా నాన్నని తీసుకెళ్ళాలని నేను పదేళ్ళు అనుకున్నాను, వచ్చే ఏడు వచ్చే ఏడు అని, ఆయన 2009లో పోయారు.

నేను డులూత్‌లో ఉంటా, 1998 నుంచి దాదాపు ప్రతి ఏడూ వెళ్తున్నాను. అది సుపీరియర్ నేషనల్ ఫారెస్ట్‌లో కెనడా సరిహద్దు వెంబడి ఉన్న అడవి, పది లక్షల ఎకరాల పైన, వెయ్యికి పైగా లేకులు. 1964 చట్టంతో వైల్డర్‌నెస్ అయింది, 1978లో ఇంకో చట్టం తెచ్చి మోటార్లని చాలావరకు ఆపేశారు, కాబట్టి నీకు దొరికేది తెడ్డు చప్పుడు, నీళ్ళ చప్పుడు, రాత్రి లూన్ పక్షి అరుపు, అంతే. ఆ అరుపు మొదటిసారి విన్నప్పుడు మా ఆవిడ ఎవరో ఏడుస్తున్నారనుకుని టెంట్‌లోంచి లేచి కూర్చుంది.

నువ్వు వెళ్ళాల్సింది లేక్ వన్. ఈలీ ఊరి నుంచి ఫెర్న్‌బర్గ్ రోడ్ పట్టుకుని చివరిదాకా ఇరవై మైళ్ళ దాకా పో, అక్కడే నీళ్ళు. లేక్ వన్ నుంచి లేక్ టూకి రెండే చిన్న పోర్టేజ్‌లు, అక్కణ్ణించి త్రీ, ఫోర్ నీళ్ళలోనే వెళ్ళిపోవచ్చు, పడవ దింపక్కర్లేదు. మోకాలు నొప్పి ఉన్న మనిషికి ఇంతకన్నా సుఖమైన దారి నాకు తెలీదు. మ్యాప్‌లో పోర్టేజ్ పొడవు రాడ్‌లలో ఉంటుంది, ఒక రాడ్ పదహారున్నర అడుగులు, అంటే ఇంచుమించు ఒక కనూ పొడవు. 40 రాడ్‌లు అని ఉంటే 660 అడుగులు అనుకో. సామాను ఒకసారి, పడవ ఇంకోసారి మొయ్యండి, ఒక్కసారే మొత్తం ఎత్తుకోవాలని చూడొద్దు, రాళ్ళ మీద జారితే అక్కడ ఆంబులెన్స్ రాదు. అల్యూమినియం కనూ తీసుకోవద్దు, 17 అడుగులది 75 పౌండ్‌లు పైనే ఉంటుంది. కెవ్లార్ అనే తేలికైన గట్టి నారతో చేసినది అద్దెకి తీసుకో, 42, 43 పౌండ్‌లలో వచ్చేస్తుంది.

ఒక సంగతి ముందే తెలుసుకుని వెళ్ళు, ఆ వైపంతా 2011లో కాలిపోయింది. ఆగస్టు 18న పిడుగు పడి మొదలైన పగామి క్రీక్ మంట, మొదట్లో చిన్నదే, సెప్టెంబర్లో గాలి తిరిగి ఒక్కసారి రేగి 92 వేల ఎకరాలు పోయింది. లేక్ త్రీ, ఫోర్ ఒడ్డున ఇంకా నల్లటి మోడులు నిలబడి ఉంటాయి, వాటి మధ్యలో జాక్ పైన్ మొక్కలు గుబురుగా పైకొచ్చాయి. జాక్ పైన్ కాయ వేడి తగిలితే గానీ విచ్చుకోదు, మంట వచ్చి పోయాకే దాని విత్తనం కింద పడుతుంది. నాకు ఆ చోటు అందుకే ఇష్టం. కొంతమంది బాలేదు అంటారు, వాళ్ళ మాట పట్టించుకోకు.

రాత్రి ఉండడానికి పర్మిట్ కావాలి, మే 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా రోజుకి ఇన్ని అని కోటా, జనవరి చివర్లోనే బుకింగ్ తెరుస్తారు. ఇప్పుడు ఆగస్టు చివరి వారం నిండిపోయి ఉండొచ్చు కానీ క్యాన్సిల్ అయినవి మళ్ళీ వస్తుంటాయి, రోజూ పొద్దున్నే చూడు, వీకెండ్ వదిలేసి సోమవారమో మంగళవారమో చూడు. ఆగస్టు చివరికి దోమలు దాదాపు పోతాయి, అదే అన్నిటికన్నా పెద్ద లాభం.

ఇంకో మాట. అక్కడ చేపల కోసం పరిగెత్తొద్దు. నేను మొదటి అయిదేళ్ళూ రోజుకి మూడు లేకులు దాటేవాణ్ణి, ఇప్పుడు ఒక క్యాంప్ పెట్టుకుని దాని చుట్టూ నాలుగు రోజులూ అవే నీళ్ళు చూస్తాను. ఏ రాయి దగ్గర ఏ పూట వాలై చేప వస్తుందో మూడో రోజుకి గానీ తెలీదు. మీ నాన్నగారికి ఇది చెప్పక్కర్లేదు, ఒకే కాలవ గట్టున అరవై ఏళ్ళు కూర్చున్న మనిషి ఆయన.


చెక్కపని:

నేను ఇండియాలోనే ఉంటా అండి, ఇబ్రహీంపట్నం దగ్గర. అమెరికా లేకులు నాకు తెలీదు గానీ లూర్లు మాత్రం పదకొండేళ్ళుగా చేస్తున్నా, కృష్ణ కాలవల్లో కొర్రమీనుకి, అప్పుడప్పుడు కింద బందరు వైపు పండుగప్పకి.

మీ స్క్రూ కన్ను ఊడిపోవడం బాల్సా తప్పు కాదు, కట్టిన పద్ధతి తప్పు. బాల్సాకి మర పట్టు ఉండదు, జిగురు ఎంత పోసినా ఆ చుట్టూ ఉన్న చెక్కే పీచులా లేచొచ్చేస్తుంది. మీరు చెయ్యాల్సింది ఏంటంటే పొట్ట కింద ముక్కు నుంచి తోక దాకా సన్నగా రంపంతో గాడి కొయ్యండి, ఒకే ఒక్క స్టెయిన్‌లెస్ తీగ తీసుకుని ముక్కు దగ్గర ఒక కన్ను, పొట్ట దగ్గర ఒక కన్ను, తోక దగ్గర ఒక కన్ను వచ్చేలా వంచి ఆ గాడిలో పడుకోబెట్టి ఎపాక్సీతో పూడ్చేయండి. అప్పుడు చెక్క రెండు ముక్కలైనా సరే చేప తీగ మీదే ఉంటుంది. నేను ఈ పద్ధతికి వచ్చాక ఒక్క చేప కూడా హుక్కులు తీసుకుని పోలేదు. మీకు నిద్ర పట్టలేదన్నారు చూడండి, ఆ మాటకే ఇంత రాస్తున్నా.

ఒరిగిపోయిన నాలుగూ పారేయకండి. పొట్ట కింద సగం కన్నా కొంచెం ముందుకి చిన్న బెజ్జం వేసి బరువు పెట్టండి. ముందు బయట టేప్‌తో అంటించి టబ్‌లో చూసుకోండి, నిటారుగా నిలబడితే అప్పుడు లోపల పెట్టి మూసేయండి. మూతి కింద పెట్టే లిప్, అంటే నీళ్ళని తోసే చిన్న పలక, దాని గాడి ఎప్పుడు కోశారు? చాలామంది చెక్క గుండ్రంగా చేశాక కోస్తారు, అప్పుడది ఒక వెంట్రుకవాసి అయినా వంకర పోతుంది. చెక్క ఇంకా నలుపలకల దిమ్మగా ఉన్నప్పుడే లిప్ గాడీ బెజ్జాలూ అన్నీ కొట్టేసుకుని తర్వాతే చెక్కాలి. లిప్ వొంటికి వరసలో ముందుకి సాగి ఉంటే లోతుకి వెళ్తుంది, నిలువుగా కిందకి దిగి ఉంటే పైపైనే ఉండి ఎక్కువ ఊగుతుంది. లాగినప్పుడు కుడికి పోతుంటే ముక్కు కన్నుని ప్లయర్‌తో ఒక పిసరు ఎడమకి వంచండి, ఎడమకి పోతే కుడికి. పిసరు అంటే పిసరే.

నేను బాల్సా వాడను, మాకు తెల్ల పొణికి దొరుకుతుంది. కొండపల్లి బొమ్మలు చేసే కర్ర, తేలిగ్గా దూదిలా ఉంటుంది. మా ఇంటికి దగ్గరే బొమ్మల కాలనీ, చిన్నప్పుడు సాయంత్రాలు అక్కడే ఉండేవాణ్ణి, ఆ పెద్దాయన కర్రని ముందు సన్నటి సెగ మీద పెట్టి చెమ్మంతా తీసేశాకే ఉలి పెట్టేవారు. చింతగింజల జిగురులో రంపం పొట్టు కలిపి మక్కు చేసి అతుకులు పూడ్చేవారు. నీళ్ళలో అది నిలవదు కాబట్టి నేను ఎపాక్సీలో పొట్టు కలుపుతా, కానీ పద్ధతి ఆయనదే. చెమ్మ ఉన్న చెక్కకి పైన ఎన్ని పూతలు వేసినా మూడు నెలల్లో బుడగలు లేస్తాయి, మీరు కూడా ఎండబెట్టకుండా రంగు వేయకండి. పొలుసుల డిజైన్‌కి పాత దోమతెర గుడ్డ చుట్టి పైనించి స్ప్రే కొట్టండి, గుడ్డ తీస్తే అచ్చం పొలుసులే. ఎపాక్సీ పూత వేశాక గట్టిపడేదాకా తిప్పుతూనే ఉండాలి, లేదంటే అంతా పొట్ట కిందకి జారి బొట్టు కడుతుంది. నేను పాడైన మైక్రోవేవ్‌లో ప్లేట్ తిప్పే మోటర్ పీకి దానికి తగిలిస్తా. పైక్‌కి పళ్ళు ఎక్కువ అంటున్నారు కాబట్టి రెండు పూతలు వేయండి, ముందు చిన్న తీగ లీడర్ (చేప పళ్ళకి దారం తెగకుండా లూర్‌కి ముందు కట్టే తీగ ముక్క) కూడా కట్టుకోండి.

దుకాణంలోది కొనాలా అని అడిగారు కదా. రపాలా అనే పేరు మీ ఊళ్ళో అందరికీ తెలిసిందే, ఆ లౌరీ రపాలా ఫిన్లాండ్‌లో పెద్ద గాలాల దండ వేసి బతికిన మామూలు జాలరి. రోజూ పడవలోంచి చూసేవాడు, గుంపులో అన్ని చిన్నచేపలు ఉన్నా పెద్దచేప వచ్చి కుంటుతూ ఈదేదాన్నే కొడుతోందని. 1936లో ఆ కుంటి నడక వచ్చేలా బెండు చెక్కని చెప్పులు కుట్టే కత్తితో చెక్కి, పైన చాక్లెట్ కాగితం చుట్టి, వార్నిష్ కొనడానికి డబ్బుల్లేక ఫోటో నెగటివ్‌లు కరిగించి పూసుకున్నాడు. దాన్ని అమెరికాకి తెచ్చిన ఇద్దరూ మీ మినియాపోలిస్ వాళ్ళే, రాన్ వెబర్, రే ఆస్ట్రమ్. 1962 ఆగస్టులో లైఫ్ పత్రికలో దాని మీద వ్యాసం పడింది, మార్లిన్ మన్రో చనిపోయినప్పటి సంచిక అది, దాంతో దేశమంతా ఎగబడ్డారు. మీరు గరాజ్‌లో చేస్తున్నదీ అదే పని. మీదే ఇవ్వండి నాన్నగారికి.


మానేరు_గాలం:

అన్నా నాది కరీంనగర్ దిక్కు, ఇప్పుడు మిల్వాకీల ఉంటున్న. చెక్కపని అన్న మొత్తం చెప్పిండు, నేను ఒక్క ముచ్చట చెప్త.

మా బాపు కొర్రమట్టకు కప్ప పెట్టి గాలం ఏస్తుండె. నాకు చేతిల కర్ర పెట్టి కండ్లు మూసుకొమ్మనేటోడు. దారం ఏం చెప్తుందో ఇను అనేటోడు. చేప ముట్టుడు ఏరు, పీత గుంజుడు ఏరు, నాచుకు తట్టుకునుడు ఏరు, అన్నీ ఏళ్ళకే తెలుస్తయి. లూర్ ఏసినంక గూడ అంతే, మంచి లూర్ నీళ్ళల్ల పోతుంటె రాడ్ కొస సన్నగ వణుకుతనే ఉంటది. ఆ వణుకు ఆగిందంటె ఏదో అయినట్టు. మీ నాయినకు రీల్ తిప్పుడు రాకపోవచ్చు గని ఇది మీకంటె ఆయనకే ఎక్కువ తెల్సి ఉంటది. అందుకే ఫస్ట్ రోజు దూరం ఇసురుడు నేర్పియ్యకుండ్రి, లూర్‌ను కనూ ఎనుక ఒక ముప్పై గజాలు ఇడిచి మీరు మెల్లగ తెడ్డు ఏస్కుంట పోండ్రి, ఆయన రాడ్ పట్టుకొని కూసుంటడు.

ఇంకోటి, ఈ దేశంల నాచు ఎక్కువున్న జాగల బోఫిన్ అని చేప పడ్తది, సూడంగనె అచ్చం కొర్రమట్ట లెక్కనె ఉంటది, అది గూడ పైకొచ్చి గాలి పీలుస్తది, పిల్లలను గుంపుగ పెట్టుకొని కాపలా కాస్తది. మా దగ్గర పిల్లలున్న కొర్రమట్టను పట్టొద్దు అనేటోడు బాపు, ఎర్రటి పిల్లల గుంపు నీళ్ళ మీద కనవడితె గాలం తీసి సంచిల ఏస్కొని ఇంటికొచ్చేది. తెలంగాణకు రాష్ట్ర చేప అయింది గని ఆ ముచ్చట ఎందరికి యాదికున్నదో. ఈడ గూడ గట్ల పిల్లలతోని కనవడితె ఇడిచిపెట్టుండ్రి.


లూన్_సరస్సు:

నేను రెండేళ్ళ కిందట మా అత్తగారినీ మామగారినీ తీసుకెళ్ళానండి, మూడు రాత్రులు. చేపల గురించి పైవాళ్ళు చెప్పేశారు, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి కావలసినవి నేను చెప్తాను.

నాన్నగారికి లైసెన్స్ తప్పకుండా తీసుకోండి, విజిటర్ అయినా కావాలి, నాన్‌రెసిడెంట్‌లకి 72 గంటలది, ఏడు రోజులది ఉంటాయి. ఎన్ని చేపలు ఉంచుకోవచ్చో ఆ ఏడాది రూల్స్ బుక్‌లో చూసుకోండి, మారుతూ ఉంటాయి. రెండోది, ఎవరైనా పక్కనే క్వెటికో, కెనడా వైపు ఇంకా బాగుంటుంది అని చెప్తే వినకండి, విజిటర్ వీసా మీద ఉన్నవాళ్ళని సరిహద్దు దాటించడం పెద్ద తలనొప్పి. లేక్ వన్ సరిహద్దుకి దూరం కాబట్టి మీకు ఆ బాధ లేదు.

గాజు సీసాలు, డబ్బాల ఫుడ్ లోపలికి తీసుకెళ్ళకూడదు, అది రూల్. మా అత్తగారు ఆవకాయ సీసా బ్యాగ్‌లో చీరల మధ్య పెట్టుకొచ్చారు, ఈలీలో ఆగి గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాం. మీరు ఇంటి దగ్గరే మార్చుకోండి. అటుకులు, ఉప్మా రవ్వ, ఇంట్లో వేయించి కలిపిన పులిహోర పొడి, బియ్యం, పప్పు, అంతకుమించి ఏమీ అక్కర్లేదు. వంట అయ్యాక ఆవకాయతో సహా మొత్తం ఫుడ్ సంచి చెట్టుకి ఎత్తుగా, మానుకి దూరంగా కట్టాలి, లేదంటే ఎలుగుబంటికి అందని డబ్బా అద్దెకి ఇస్తారు, అది తీసుకోవడం తేలిక. చేప కడిగిన తుక్కు నీళ్ళలో వేయకండి, క్యాంప్‌కీ నీళ్ళకీ దూరంగా లోపలికి తీసుకెళ్ళి పాతిపెట్టండి.

ముఖ్యమైనది, మన ఊళ్ళలో దోనెల్లో తిరిగినవాళ్ళకి నించుని గెడ వేసే అలవాటు ఉంటుంది. మా మామగారు కొల్లేరు వైపు మనిషి, తాటిదోనెలో నించుని పెరిగారు, ఇక్కడ కూడా చేప పడగానే లేచి నించున్నారు, కనూ ఒరిగి సగం నీళ్ళొచ్చేశాయి. నీళ్ళు చల్లగా ఉంటాయి, ఈత వచ్చినవాళ్ళు కూడా కాళ్ళూ చేతులూ ఆడక మునిగిపోతారు. లైఫ్ జాకెట్ పడవలో పెట్టుకోవడం కాదు, వొంటి మీద ఉండాలి, దిగేదాకా తియ్యొద్దు. ఇది మాత్రం మొహమాటపడకుండా గట్టిగా చెప్పండి.


కాలవగట్టు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చేతులెత్తి దండం. తీగ పద్ధతిలో మళ్ళీ నాలుగు చేశాను, టబ్‌లో అన్నీ నిటారుగా ఈదుతున్నాయి! పర్మిట్ కూడా దొరికింది, ఎవరో క్యాన్సిల్ చేశారు, ఆగస్టు 27 నుంచి. ఒక్క డౌట్, నాన్నగారు ఫోన్‌లో సీసపు గుండ్లు తెస్తున్నాను, నేనే కరిగించి పోశాను అంటున్నారు. పొట్టలో పెట్టే బరువుకి కూడా అవే వాడదామా అని.


పాత_గాలం:

వద్దు తమ్ముడూ. ఆ లూన్ పక్షి ఉంది చూశావూ, మిన్నెసోటా రాష్ట్ర పక్షి, అది తిన్నది అరిగించుకోవడానికి అడుగునుంచి గులకరాళ్ళు ఏరి మింగుతుంది. తెగిపడిన సీసపు గుండు దానికి గులకరాయిలాగే కనపడుతుంది. ఒక్కటి మింగితే చాలు, మెడ నిలబెట్టలేక ఒడ్డుకొచ్చి కూర్చుంటుంది. 2006లో నేను ఒకదాన్ని అలా చూశాను, దగ్గరికి వెళ్ళినా నీళ్ళలోకి పోలేదు, ఎర్రటి కళ్ళతో నన్నే చూస్తూ ఉంది, మర్నాడు పొద్దునకి లేదు. ఆ రోజే నా డబ్బాలో సీసం అంతా తీసేశాను. టిన్ గుండ్లు, టంగ్‌స్టన్ దొరుకుతాయి, కొంచెం ఖరీదు, నాలుగు లూర్లకి ఎంతవుతుంది. నాన్నగారికి నెమ్మదిగా చెప్పు, ఆయన అర్థం చేసుకుంటారు.


కాలవగట్టు:

వెళ్ళొచ్చాం! నిన్న రాత్రే వచ్చాం, ఇంకా బట్టలకి పొగ వాసన పోలేదు, మర్చిపోకముందే రాయాలని కూర్చున్నా.

మొదటి పోర్టేజ్ దగ్గర నేను పడవ ఎత్తబోతుంటే నాన్నగారు ఆగరా అని తువ్వాలు తీసి చుట్టకుదురులా చుట్టి నా మెడ వెనక భుజాల మీద సర్ది అప్పుడు యోక్ (పడవ మధ్యలో భుజాల మీద ఆనే అడ్డకర్ర) పెట్టుకోమన్నారు. నిజంగా ఆ తువ్వాలుతో బరువు సగం తగ్గినట్టుంది. తిరిగొచ్చేటప్పుడు నేను వద్దంటున్నా వినకుండా ఆయనే ఎత్తారు, తాటిదోనె నలుగురు పడితే గానీ కదిలేది కాదురా, ఇది మూకుడులా ఉంది అని. మోకాలికి బెల్ట్ వేసుకుని మెల్లగా నడిచారు, నేను వెనకాలే గుండె చేత్తో పట్టుకుని నడిచాను, ఏమీ కాలేదు.

రెండో రోజు లేక్ త్రీలో గాలి లేచింది, అలలు కనూ అంచు దాకా వస్తున్నాయి, నేను దాటేద్దాం అన్నాను, ఆయన ఒక్కసారి నీళ్ళు చూసి ఒడ్డుకి తిప్పు అన్నారు అంతే. మధ్యాహ్నం మూడింటిదాకా ఒక రాతి మీద కూర్చున్నాం. నల్లటి మోడులు, కింద జాక్ పైన్ మొక్కలు, పాత_గాలం గారు చెప్పినట్టే. ఆయన ఒక జాక్ పైన్ కాయ తీసి చాలాసేపు చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. 96లో తుపానుకి మా కొబ్బరితోట మొత్తం పడిపోయిన తర్వాత ఎలా ఉండేదో చెప్పారు, నాకప్పుడు నాలుగేళ్ళు, ఇంతకుముందు ఎప్పుడూ ఆయన నోటి వెంట ఆ సంగతులు వినలేదు. అప్పు తీర్చడానికి ఏడేళ్ళు పట్టిందట. ఆ ఏడేళ్ళూ రోజూ తెల్లారకముందు గాలానికి వెళ్ళింది చేప కోసం కాదురా, ఇంట్లో పడుకుంటే అప్పులాళ్ళు గుర్తొచ్చేవాళ్ళు అన్నారు. నేను ఏమీ మాట్లాడలేకపోయాను.

చేప సంగతి. గాలి తగ్గాక సాయంత్రం రెండు దీవుల మధ్య సన్నటి పాయలో మానేరు అన్న చెప్పినట్టే లూర్ వెనకాల వదిలి మెల్లగా తెడ్డు వేస్తున్నాను, ఆయన రాడ్ ఒళ్ళో పెట్టుకుని దారం చూపుడువేలి మీద ఆనించి కూర్చున్నారు. ఒక్క నిమిషంలోనే ఆకు పట్టింది అన్నారు. లాగి చూస్తే లిప్‌కి నిజంగానే చిన్న నాచు పోగు. నేను నాలుగేళ్ళనుంచి రాడ్ పడుతున్నా, నాకు ఒక్కసారి కూడా అలా తెలీలేదు. మళ్ళీ వదిలాం, పొద్దు గుంకింది, చీకటి పడే ముందు ఆయన ఏమీ అనకుండా కుడి చెయ్యి పైకెత్తారు, ఆపు అన్నట్టు. రాడ్ వంగిపోయింది. కూర్చునే ఉన్నారు, లేవలేదు, ఆ ఒక్కటీ నేను బయల్దేరేముందు మూడుసార్లు చెప్పించుకున్నాను ఆయనతో. పదిహేడు అంగుళాల వాలై. టార్చ్ వేస్తే దాని కళ్ళు వెండి బిళ్ళల్లా మెరిశాయి, పిల్లి కళ్ళురా దీనివి, చీకట్లో వేటాడే జాతి అయ్యుంటుంది అన్నారు, ఎవరూ చెప్పకుండానే. లూర్ దాని పెదవి మూలకి ఒక్క హుక్కుతో ఉంది, తీగ కళ్ళు మూడూ చెక్కుచెదరలేదు చెక్కపని అన్నా. అది ఒక్కటే ఉంచుకున్నాం, చింతపండు వేసి పులుసు పెట్టారు ఆయనే, మిగతావి, ఒక పెద్ద పైక్‌తో సహా, అన్నీ వదిలేశాం.

సీసపు గుండ్ల సంగతి వెళ్ళేముందే చెప్పాను, అప్పుడు ఊఁ అని ఊరుకున్నారు. మూడో రోజు పొద్దున లూన్ ఒకటి మా కనూకి పది గజాల్లో పైకి లేచింది, పిల్లతో సహా, పిల్ల దాదాపు తల్లంత ఉంది గానీ ఇంకా బూడిదరంగు. క్యాంప్‌కి వచ్చాక చూస్తే చొక్కా జేబులోంచి గుడ్డ మూట తీసి నా చేతిలో పెట్టారు, రెండు గుండ్లు, అలవాటుగా తెచ్చేశాను రా, ఇవి ఊరికి కూడా వద్దులే అన్నారు.

వచ్చే నెల వెళ్ళిపోతారు. ఆ లూర్ తనకి కావాలన్నారు, పైక్ పళ్ళ గాట్లు రెండు వైపులా ఉన్నాయి, పూత వేసి కొత్తగా చేసిస్తానంటే ఒప్పుకోలేదు, అలాగే ఉంచు అన్నారు. మా కాలవలో కొర్రమీనుకి వేసి చూస్తారట. కానీ ఇది లోతుకి వెళ్ళేది, అక్కడ మూడడుగులే నీళ్ళు, కిందికి వేలాడే గుర్రపుడెక్క వేళ్ళకి పట్టేస్తుంది అని ఆయనే అన్నారు, పైపైన ఈదేది ఇంకోటి చెక్కమన్నారు. చెక్కపని అన్నా, మూడడుగుల నీళ్ళకి లిప్ ఎంత నిలువుగా పెట్టాలి? ఆయన వెళ్ళేలోపు ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి, ఎండబెట్టడానికీ పూతలకీ సరిపోతాయా?